జైలు గదే నియోజకవర్గం

(పాలస్తీనా సంఘీభావ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభ పెడదామని కూసున్ననాడు మాలో మాకే ఒక పంచాయితీ వచ్చింది. మర్వాన్ బర్ఘూతీ గురించి మాట్లాడుదామని అందరం ఒప్పుకున్నం. ఎట్ల మాట్లాడాలన్న కాడ మాట పడలేదు. "ఆయన పోరాటయోధుడు, తుపాకి పట్టినోళ్ల నాయకుడు, అట్లనే చూపియ్యాలె" అని ఒకరన్నరు. "కాదు, ఆయన రెండుసార్లు ఓట్లతోని గెలిచిన ప్రజాప్రతినిధి, ఆ సంగతే ముందు చెప్పాలె" అని ఇంకొకరన్నరు. రాత్రి పొద్దుపోయేదాక వాదం నడిచింది. ఆఖరికి ఒక్క మాట మీదికి వచ్చినం. ఆయన బతుకును బతుకు లెక్కనే చెప్పుదాం. మెచ్చుకునేది మెచ్చుకుందాం. అడగవలసింది అడుగుదాం. పూలదండ వేసి చేతులు దులుపుకునే సభ మనకు వద్దు.

"ఒకప్పటి ఫైటర్, తర్వాత రాజకీయ నాయకుడైండు" అని పత్రికలు ఒక్క ముక్కలో రాస్తయి. తుపాకి కింద పెట్టిండు, కుర్చీ ఎక్కిండు, కథ అయిపోయింది అన్నట్టు. బర్ఘూతీ బతుకు అంత సాఫుగ నడువలేదు. జైలుకు పోయిండు, దేశం అవతలికి ఎల్లగొట్టబడ్డడు, తిరిగొచ్చి శాసనసభకు గెలిచిండు, మళ్ల తిరుగుబాటుకు ముందు నిలిచిండు, మళ్ల జైలుకు పోయిండు, ఆ జైలులో నుంచే మళ్ల గెలిచిండు. ఎందుకు ఇట్లయింది? రాజ్యం లేని ప్రజలకు శాసనసభ సీటు దొరికితె దానికి విలువ ఎంత? ఇయ్యాల మేము మీ ముందర పెట్టేది ఈ ప్రశ్ననే.

కోబర్ పిల్లగాడు

రమల్లా పట్నానికి దగ్గర్ల కోబర్ అనే ఊరున్నది. ఆ ఊర్లనే 1959 జూన్ 6న బర్ఘూతీ పుట్టిండు. 1967 జూన్ 5న యుద్ధం మొదలైంది. తెల్లారి ఆయనకు ఎనిమిదేండ్లు నిండినయ్. ఆరు రోజుల్లో యుద్ధం అయిపోయింది. వెస్ట్ బ్యాంక్, గాజా, తూర్పు జెరూసలేం ఇజ్రాయెల్ సైన్యం చేతికి పోయినయ్. అంటె ఆ పిల్లగానికి ఊహ తెలిసే కాలానికి ఊర్ల మిలిటరీ ఉన్నది. బడికి పోతె మిలిటరీ, పొలం కాడికి పోతె మిలిటరీ. ఆక్రమణ అన్న మాటను ఆయన పుస్తకంలో చదివి నేర్చుకోలేదు.

పదిహేనేండ్ల ప్రాయంలో ఫతాలో చేరిండు. యాసర్ అరాఫత్, ఆయన సోపతిగాండ్లు 1950ల చివర్ల పుట్టించిన సంస్థ అది. పాలస్తీనా విముక్తి సంస్థలో అన్నింటికన్న పెద్దది. మీసాలు సరిగ్గ రాకముందే బర్ఘూతీ జైలుకు పోయిండు. 1970ల చివర్ల మొదలుపెట్టి నాలుగేండ్లకు పైగ లోపలనే ఉన్నడు. ఆ జైలులోనే చదువు పూర్తి చేసిండు, హిబ్రూ నేర్చుకున్నడు. తనను బంధించినోని భాష నేర్చుకునుడు చిన్న ముచ్చట కాదు. కావలివాడు ఏం మాట్లాడుతున్నడు, వాళ్ల పత్రికల్ల ఏం రాస్తున్నరు, వాళ్ల పార్లమెంటులో ఏ పార్టీ ఏమంటున్నది, ఇవన్ని ఆయనకు తెలిసినయ్. తర్వాత్తర్వాత ఇజ్రాయెల్ విలేకరులతోని వాళ్ల భాషలోనే మాట్లాడగలిగిండంటె ఆ నాలుగేండ్ల చదువే కారణం.

బయటికొచ్చి బిర్‌జీత్ విశ్వవిద్యాలయంలో చేరిండు. విద్యార్థి సంఘానికి అధ్యక్షుడైండు. 1984లో ఫద్వాను పెండ్లి చేసుకున్నడు. ఆమె తర్వాత వకీలైంది. 1987లో ఇజ్రాయెల్ ప్రభుత్వం ఆయనను జోర్డాన్‌కు ఎల్లగొట్టింది. అదే ఏడు డిసెంబరులో గాజాలో జబాలియా శిబిరం కాడ మొదటి ఇంతిఫాదా అంటుకున్నది. ఇంతిఫాదా అంటె విదిలించుకునుడు, మీద పడ్డదాన్ని దులిపేసుకునుడు. పిల్లలు రాళ్లు పట్టిన్రు, దుకాణందార్లు బందులు పెట్టిన్రు, ఆడోళ్లు ఊరూర కమిటీలు కట్టిన్రు, పన్నులు కట్టమన్నరు. సొంతూరు పోరాడుతుంటె బర్ఘూతీ అమ్మాన్‌లో ఉండి లోపలోళ్లకు బయటోళ్లకు నడుమ తాడు లెక్క పనిచేసిండు. 1989లో ఫతా మహాసభ ఆయనను విప్లవ మండలికి ఎన్నుకున్నది. చదువు మాత్రం ఆగిపోయింది. నాలుగేండ్ల డిగ్రీ ఆయన చేతికి వచ్చేసరికి 1994 అయింది.

సభ ఉన్నది, అధికారం లేదు

1993 సెప్టెంబరు 13న వాషింగ్టన్‌లో అరాఫత్, రాబిన్ చేతులు కలిపిన్రు. దాన్నే ఓస్లో ఒప్పందం అంటరు. ఆ ఒప్పందంతోనే బర్ఘూతీ ఏడేండ్ల ప్రవాసం తర్వాత 1994లో ఇంటికొచ్చిండు. ఒక సంగతి మనం మరువొద్దు. ఆ రోజుల్ల ఆయన ఓస్లోను గట్టిగ నమ్మిండు. ఇజ్రాయెల్ శాంతివాదులతోని, వాళ్ల పార్లమెంటు సభ్యులతోని కూసుండి మాట్లాడిండు. రెండు రాజ్యాలు పక్కపక్కన బతుకొచ్చని ఊరూర చెప్పిండు.

1996 జనవరి 20న పాలస్తీనా శాసనసభకు మొదటి ఎన్నికలైనయ్. మొత్తం 88 సీట్లు. బర్ఘూతీ రమల్లా జిల్లా నుంచి గెలిచిండు. జైలు పక్షి శాసనసభ్యుడైండు. మనోళ్లయితె ఇక్కడ బాజాలు కొట్టి, "అన్నకు మంత్రి పదవి ఎప్పుడు" అని అడుగుతరు. ఆయన సభలకు పోయి ఏం చేసిండో చూడాలె. సొంత పార్టీ ప్రభుత్వం మీదనే లేచి మాట్లాడిండు. అరాఫత్ చుట్టు చేరినోళ్ల అవినీతి మీద, సొంత పోలీసు బలగాల జులుం మీద అడిగిండు. 1997లో ఆడిట్ రిపోర్టు వచ్చింది. ప్రభుత్వ సొమ్ములో 32 కోట్ల డాలర్లకు పైగ దుబారా, దుర్వినియోగం పాలైందని అండ్ల తేలింది. శాసనసభ కమిటీ మంత్రుల మీద చర్య తీసుకోమన్నది. అరాఫత్ పెద్దగ పట్టించుకోలేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. విముక్తి పోరాటంలో త్యాగాలు చేసినోళ్లే అధికారం దగ్గరికి రాంగనే తమ్ముళ్లకు, బామ్మర్దులకు కాంట్రాక్టులు పంచుకునుడు ఎక్కడైన జరుగుతది. ఉద్యమాల్ల తిరిగినోళ్లం మనకు ఇది ఒకరు చెప్పే పని లేదు. "ఇప్పుడే అడిగితె శత్రువుకు బలమొస్తది, విముక్తి అయినంక అడుగుదాం" అనేటోళ్లు ప్రతి ఉద్యమంలో ఉంటరు. బర్ఘూతీ ఆ మాట ఒప్పుకోలేదు. జవాబు చెప్పే అలవాటు లేనోనికి రాజ్యం చేతికొచ్చినంక కొత్తగ అలవాటు కాదని ఆయన నడత చెప్తున్నది.

సొంతోళ్లను అడిగిండు సరే. మరి ఆ శాసనసభకు అధికారం ఎంత? 1995 నాటి రెండో ఒప్పందం వెస్ట్ బ్యాంక్‌ను మూడు ముక్కలు చేసింది. 'ఏ' ముక్క పాలస్తీనీయుల చేతిలో. 'బీ' ముక్కలో పరిపాలన వీళ్లది, భద్రత వాళ్లది. 'సీ' ముక్క మొత్తం ఇజ్రాయెల్ చేతిలో. ఆ 'సీ' ముక్కనే వెస్ట్ బ్యాంక్‌లో నూటికి 60 పాళ్లు. నీళ్లు, సరిహద్దు, పెద్ద రోడ్లు వాళ్ల చేతుల్లనే ఉన్నయ్. ఒక శాసనసభ్యుడు గాజా నుంచి రమల్లాలో సభకు రావాలంటె ఇజ్రాయెల్ సైన్యం పర్మిట్ కావాలె. చెక్‌పోస్టు కాడ ఇరువై ఏండ్ల సిపాయి పిల్లగాడు ఆపితె ఆ శాసనసభ్యుడు ఆగాలె. చట్టం చేసే హక్కు కాగితం మీద ఉన్నది, తొవ్వ మీద నడిచే హక్కు లేదు.

ఇంకో దిక్కు యూదు కాలనీలు పెరుగుకుంట పోయినయ్. ఓస్లో సంతకం నాడు తూర్పు జెరూసలేంను పక్కన పెట్టి లెక్కిస్తె వెస్ట్ బ్యాంక్ కాలనీల్ల లక్షా పదివేల మంది ఉన్నరు. 2000 నాటికి రెండు లక్షలకు దగ్గరికొచ్చిన్రు. శాంతి చర్చలు నడుస్తున్న ఏడేండ్లలోనే ఇది జరిగింది. చర్చలు బల్ల మీద, బుల్డోజర్లు గుట్టల మీద. ఓస్లోను నమ్ముకుని ఊరూర తిరిగిన మనిషి ఆ ఊర్లకు మళ్ల పోయి ఏమని చెప్పాలె?

మళ్ల మంట

2000 జులైలో క్యాంప్ డేవిడ్ చర్చలు కూలినయ్. సెప్టెంబరు 28న ఏరియల్ షరోన్ పెద్ద పోలీసు బందోబస్తుతోని అల్ అక్సా ప్రాంగణంలో అడుగుపెట్టిండు. రెండో ఇంతిఫాదా లేచింది. అప్పటికి బర్ఘూతీ వెస్ట్ బ్యాంక్‌లో ఫతా ప్రధాన కార్యదర్శి. ఫతా గ్రామ, బస్తీ స్థాయి కార్యకర్తల దళాన్ని తంజీమ్ అంటరు. వాళ్లకు ఆయన నాయకుడు. ఊరేగింపుల ముందు ఆయన, శవయాత్రల ముందు ఆయన, టీవీల్ల ఆయన. 2001 ఆగస్టులో రమల్లాలో ఆయన కాన్వాయిలోని ఒక కారు మీద ఇజ్రాయెల్ క్షిపణి పడ్డది. ఆయన బతికి బయటపడ్డడు.

మొదటి ఇంతిఫాదా రాళ్లతోని నడిచింది. రెండోది తుపాకులతోని, ఆత్మాహుతి బాంబులతోని నడిచింది. మొదటి దాంట్ల అవ్వలు, బడిపిల్లలు, దుకాణందార్లు అందరు ఉన్నరు. రెండో దాంట్ల ఆయుధం పట్టినోడే ముందుకొచ్చిండు, మిగిలిన జనం కిటికీల్ల నుంచి చూసేటోళ్లయిన్రు. 2005 మొదటికి మూడు వేలకు పైగ పాలస్తీనీయులు, దాదాపు వెయ్యిమంది ఇజ్రాయెలీలు చచ్చిపోయిన్రు. రెండు దిక్కుల చచ్చిపోయినోళ్లల్ల చాలామంది మామూలు మనుషులు.

2002 జనవరిలో బర్ఘూతీ అమెరికా పత్రిక వాషింగ్టన్ పోస్టులో వ్యాసం రాసిండు. మీకు భద్రత కావాల్నా, ఆక్రమణ వదులుకోండి అన్నది దాని సారం. ఇజ్రాయెల్ లోపల మామూలు పౌరుల మీద దాడులను తాను, ఫతా వ్యతిరేకిస్తున్నమని అందులో రాసిండు. ఆక్రమించుకున్న నేల మీద తిరగబడే హక్కును మాత్రం వదులుకోనని కూడ రాసిండు. మా లెక్కల ఆ గీత సరైన గీత. కష్టమంతా దాని మీద నిలబడుడులోనే ఉన్నది.

మూడు నెలలు తిరగకముందే, 2002 ఏప్రిల్ 15న, రమల్లాలో ఇజ్రాయెల్ సైన్యం ఆయనను పట్టుకపోయింది. ఆనాటి నుంచి ఆయన బయటి గాలి పీల్చలేదు.

బోనులో శాసనసభ్యుడు

టెల్ అవీవ్ జిల్లా కోర్టులో కేసు నడిచింది. బర్ఘూతీ ఒక్కటే మాట మీద ఉన్నడు. "నేను ఎన్నికైన శాసనసభ్యున్ని. ఆక్రమించుకున్నోని కోర్టుకు నన్ను విచారించే అధికారం లేదు." ఈ వైఖరితోనే వకీళ్లను పెట్టి కేసు వాదించుకోలేదు. బోనులో నిలబడి ఆక్రమణ మీదనే నేరారోపణ చేసిండు.

2004 మే 20న కోర్టు ఐదు హత్యల్ల దోషి అన్నది. మోపిన కేసుల్ల చాలావాటికి సరైన ఆధారం లేదని అదే కోర్టు కొట్టేసింది. జూన్ 6న శిక్ష చదివిన్రు. ఐదు యావజ్జీవాలు, దాని మీద 40 ఏండ్లు. ఆ రోజు ఆయన 45వ పుట్టినరోజు.

ఆ ఐదుగురు ఎవరు? ఈ ప్రశ్నను సంఘీభావ సభల్ల అడుగరు. మేము అడుగుతున్నం. ఒకరు 2001లో వెస్ట్ బ్యాంక్ రోడ్డు మీద కారులో పోతుంటె కాల్పులకు చచ్చిపోయిన గ్రీకు క్రైస్తవ సన్యాసి. ఒకరు 2002 జనవరిలో గివత్ జేవ్ పెట్రోల్ బంకు కాడ చచ్చిపోయిన మనిషి. ముగ్గురు 2002 మార్చిలో టెల్ అవీవ్ హోటల్ మీద జరిగిన దాడిలో చచ్చిపోయినోళ్లు. ఆ దాడులకు అనుమతి ఇచ్చిండని కోర్టు అన్నది. నేను చేయలేదు, చేయించలేదు అని బర్ఘూతీ అన్నడు.

ప్రపంచ పార్లమెంటుల సంఘం ఐపీయూ ఒక ఫ్రెంచి వకీలును పంపి ఆ విచారణను పరిశీలింపజేసింది. అంతర్జాతీయ చట్టాలను ఎన్నో తీర్ల ఉల్లంఘించిన్రు, న్యాయమైన విచారణ జరిగిందని చెప్పలేమని ఆయన రిపోర్టు ఇచ్చిండు. ఆక్రమిత ప్రాంతం మనిషిని ఆ ప్రాంతంలోనే ఉంచాలని నాలుగో జెనీవా ఒప్పందం చెప్తున్నది. ఈయనను ఎత్తుకపోయి ఇజ్రాయెల్ లోపల బంధించిన్రు. కనుక ఆ తీర్పును మేము తలకెత్తుకోం. అట్లని ఆ ఐదుగురి చావును చాప కింద దాచం. హోటల్లో పల్లెం ముందు కూసున్న మనిషిని చంపి ఎవ్వరు విముక్తి తేలేరు. బర్ఘూతీ ఆ మాటను తన కలంతోనే రాసిండు. ఆయన పేరు చెప్పుకుని తుపాకి పట్టిన ప్రతి ఒక్కరు ఆ మాట విన్నరా అంటె, వినలేదు. నాయకుడు గీత గీస్తె సరిపోదు. ఆ గీత దాటిన తనోళ్లను ఆపే బలం కూడ ఉండాలె. ఆ బలం ఆయనకు లేకపోయిందా, ఉండి కూడ వాడలేదా? దీనికి జవాబు నిఖార్సయిన విచారణలోనే తేలాలె. అటువంటి విచారణ జరుగలేదు.

జైలు నుంచి ఓటు

2004 నవంబరు 11న అరాఫత్ చచ్చిపోయిండు. అధ్యక్ష ఎన్నిక వచ్చింది. బర్ఘూతీ జైలులో నుంచి నామినేషన్ వేసిండు. కాగితాలు పట్టుకపోయింది ఫద్వా. ఫతా చీలుతదని పెద్దలు గోలపెట్టిన్రు. డిసెంబరులో తప్పుకున్నడు. 2005 జనవరిలో మహమూద్ అబ్బాస్ గెలిచిండు.

ఏడాది తిరిగినంక శాసనసభ ఎన్నికలు. ఫతాలో ముసలి నాయకత్వం కుర్చీలు వదలదు, నడి వయసోళ్లకు జాగ లేదు. బర్ఘూతీ, ఆయన తోటోళ్లు 'అల్ ముస్తక్బల్' అని, అంటె 'భవిష్యత్తు' అని, వేరే జాబితా పెట్టిన్రు. రెండు వారాల్ల రాజీ అయింది. ఒక్కటే జాబితా, దాని మీద మొదటి పేరు ఖైదీ బర్ఘూతీది.

2006 జనవరి 25న ఓట్లు పడ్డయ్. 132 సీట్లలో హమాస్‌కు 74, ఫతాకు 45 వచ్చినయ్. ఈ లెక్కను విప్పి చూడాలె. సగం సీట్లు పార్టీ జాబితాలకు, సగం జిల్లాల్ల అభ్యర్థులకు. జాబితా ఓట్లల్ల హమాస్‌కు నూటికి 44, ఫతాకు 41. సీట్లు చూస్తె 29, 28. అంటె సరిసమానం. జిల్లాల కాడికి వస్తె హమాస్‌కు 45, ఫతాకు 17! ఎందుకంటె ఫతావాళ్లు ఒక్కో జాగలో ఒకరి మీద ఒకరు తిరుగుబాటు అభ్యర్థులుగ నిలబడ్డరు. నాకు టికెట్ రాకుంటె నీకు గెలుపు రావొద్దు అన్నరు. ఓట్లు చీలినయ్. అవినీతితోని విసిగిన జనం హమాస్ దిక్కు మళ్లిన్రు. బర్ఘూతీ 1996 నుంచి సభలో మొత్తుకున్నది ఇదే. విన్నోడు లేకపాయె.

బర్ఘూతీ మాత్రం గెలిచిండు. గెలిచిన శాసనసభ్యుడు, జైలు గదిలో. ఆయన నియోజకవర్గం ఎనిమిదడుగుల గోడ అవతల. ప్రమాణానికి పోయే తొవ్వ లేదు.

ఖైదీలు రాసిన రాజ్యాంగం

ఇగ ఇప్పుడు మేము ముఖ్యం అనుకున్న సంగతి చెప్తం. బర్ఘూతీ పేరు చెప్పంగనే అందరు తుపాకిని యాది చేసుకుంటరు, సంకెళ్లు వేసిన రెండు చేతులు పైకెత్తిన ఫోటోను యాది చేసుకుంటరు. మేము ఒక కాగితాన్ని యాది చేసుకోవాలంటున్నం.

2006 వసంతంలో ఫతా, హమాస్ కొట్టుకునే దశకొచ్చినయ్. గాజా వీధుల్ల పాలస్తీనీయుడు పాలస్తీనీయున్ని కాలుస్తున్నడు. అప్పుడు హదరీమ్ జైలులో ఐదు సంస్థల ఖైదీలు కూసున్నరు. ఫతా తరఫున బర్ఘూతీ. ఇంకా హమాస్, ఇస్లామిక్ జిహాద్, పాపులర్ ఫ్రంట్, డెమొక్రటిక్ ఫ్రంట్ నాయకులు. దేవున్ని నమ్మేటోళ్లు, మార్క్స్‌ను నమ్మేటోళ్లు ఒక్క బల్ల చుట్టు చేరిన్రు. మే నెలలో 18 అంశాల పత్రం బయటికొచ్చింది. దాన్నే ఖైదీల పత్రం అంటరు.

అందులో ఏమున్నది? 1967లో ఆక్రమించుకున్న నేల మీద జెరూసలేం రాజధానిగ స్వతంత్ర రాజ్యం. శరణార్థులకు తిరిగొచ్చే హక్కు. ప్రతిఘటనను ఆ 1967 నేల మీదనే కేంద్రీకరించుడు. పాలస్తీనా విముక్తి సంస్థను బాగుచేసి హమాస్‌ను, జిహాద్‌ను అందులోకి తెచ్చుడు. అందరు కలిసి జాతీయ ప్రభుత్వం పెట్టుడు. పాలస్తీనీయుని రక్తం పాలస్తీనీయుడు కండ్లచూడొద్దనుడు. ఇజ్రాయెల్ ఉనికిని ఒప్పుకోనన్న హమాస్ ఖైదీ కూడ 1967 హద్దుల మీద సంతకం పెట్టిండంటె అది చిన్న పని కాదు. మంత్రులు ఏసీ గదుల్ల తేల్చలేని దాన్ని ఖైదీలు ములాఖత్‌ల నడుమ తేల్చిన్రు.

2007 ఫిబ్రవరిలో మక్కాలో ఫతా, హమాస్ కలిసి ప్రభుత్వం పెడదామని ఒప్పుకున్నయంటె ఆ పత్రం వేసిన బాటనే. నాలుగు నెలలకు అది కూలింది. జూన్‌లో గాజా హమాస్ చేతికి, వెస్ట్ బ్యాంక్ అబ్బాస్ చేతికి పోయినయ్. ఉన్నదే పిడికెడు నేల, అది రెండు ముక్కలైంది. ఆక్రమించుకున్నోనికి అంతకన్న ఏం కావాలె?

సభనే లేకుండ పోయింది

మరి ఆ శాసనసభ ఏమైంది? 2006 జూన్‌లో గాజా సరిహద్దున ఒక ఇజ్రాయెల్ సిపాయిని పాలస్తీనా దళాలు పట్టుకపోయినయ్. దానికి బదులుగ ఇజ్రాయెల్ హమాస్ మంత్రులను, పదుల మంది శాసనసభ్యులను రాత్రికి రాత్రి ఇండ్లల్ల నుంచి ఎత్తుకపోయింది. ఆగస్టులో స్పీకర్ అజీజ్ దువైక్‌ను కూడ తీసుకపోయిన్రు. పాపులర్ ఫ్రంట్ నాయకుడు అహ్మద్ సాదాత్ అప్పటికే లోపల ఉన్నడు, ఆయన కూడ ఎన్నికైన సభ్యుడే. సభకు కోరం లేదు. 2007 చీలిక తర్వాత సభ మళ్ల సక్కగ కూడలేదు. 2018 డిసెంబరులో రాజ్యాంగ న్యాయస్థానం రద్దు చేయమన్నదని అబ్బాస్ ప్రకటించిండు. ఉన్నోడు జైలులో, సభ గాలిలో. సగం పని శత్రువు చేసిండు, మిగిలిన సగం సొంతోళ్లు చేసిన్రు.

2021 మేలో మళ్ల ఎన్నికలు పెడతమన్నరు. బర్ఘూతీ, అరాఫత్ మేనల్లుడు నాసర్ అల్ కిద్వా కలిసి 'స్వేచ్ఛ' జాబితా పెట్టిన్రు. రెండో పేరు ఫద్వాది. జనం ఓటర్లుగ పేర్లు రాయించుకున్నరు. ఏప్రిల్ చివర్ల అబ్బాస్ వాయిదా వేసిండు. తూర్పు జెరూసలేంలో ఓట్లు వేయనిస్తమని ఇజ్రాయెల్ చెప్పలేదు అన్నది ఆయన చెప్పిన కారణం. ఓడిపోతమన్న భయం అసలు కారణమని చాలామంది పాలస్తీనీయులు అన్నరు. 2006లో ఓటేసిన పద్దెనిమిదేండ్ల పిల్ల ఇప్పుడు నడి వయసుకొచ్చింది. ఆమె బిడ్డ ఇంకా ఒక్క శాసనసభ ఎన్నిక చూడలేదు.

గోడల నడుమ

జైలులో ఆయన ఖాళీగ కూసోలేదు. కైరోలోని సంస్థ నుంచి రాజనీతి శాస్త్రంలో డాక్టరేట్ తెచ్చుకున్నడు. ఏకాంత చెరలో గడిపిన రోజుల మీద పుస్తకం రాసిండు. హదరీమ్‌లో తోటి ఖైదీలకు పాఠాలు చెప్పిండు. 2009లో బేత్లెహేం మహాసభలో ఫతా కేంద్ర కమిటీకి ఎన్నికైండు. 2016 మహాసభలో అందరికన్న ఎక్కువ ఓట్లు ఆయనకే పడ్డయ్. 2011లో ఒక్క సిపాయి కోసం 1027 మంది ఖైదీలను వదిలిన్రు, ఆయనను వదలలేదు.

2013 అక్టోబరులో దక్షిణాఫ్రికాలో రాబెన్ దీవి కాడ ఆయన విడుదల ఉద్యమం మొదలైంది. మొదలుపెట్టినాయన అహ్మద్ కత్రాడా. మండేలాతోని పాటు యావజ్జీవం పడి 26 ఏండ్లు జైళ్లల్ల గడిపినాయన, గుజరాతీ మూలాలున్నాయన. మండేలా ఉన్న గదిలోనే ఫద్వా నిలబడ్డది.

2017 ఏప్రిల్ 17న వెయ్యిమందికి పైగ ఖైదీలు బర్ఘూతీ నాయకత్వంలో నిరాహార దీక్షకు దిగిన్రు. రాజ్యం కావాలని అడుగలేదు. ఇంటోళ్ల ములాఖత్‌లు, ఫోన్, వైద్యం అడిగిన్రు. ఉప్పు, నీళ్ల మీద 40 రోజులున్నరు. నెలకు రెండో ములాఖత్ మళ్ల దొరికింది. నలభై రోజులు పేగులు మాడ్చుకుంటె కన్నబిడ్డను ఇంకొక్కసారి చూసే హక్కు!

2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో దాదాపు 1200 మంది చచ్చిపోయిన్రు. ఆ తర్వాత గాజా మీద నడిచిన యుద్ధంలో చచ్చిపోయినోళ్లు 2025 ఆగస్టు నాటికే 60 వేలు దాటిన్రని గాజా ఆరోగ్య శాఖ లెక్క. జైళ్లల్ల ములాఖత్‌లు బంద్ అయినయ్. బర్ఘూతీని ఏకాంతంలో వేసిన్రు. 2025 ఆగస్టులో ఒక వీడియో బయటికొచ్చింది. ఇజ్రాయెల్ మంత్రి బెన్ గ్విర్ జైలు గదిలోకి పోయి, మీరు గెలువరు, మాకు అడ్డమొచ్చినోళ్లను తుడిచిపెడతం అని బెదిరిస్తున్నడు. ఎదురుంగ బర్ఘూతీ. బక్కచిక్కి, చెంపలు లోపలికి పోయి, గుర్తుపట్టరాకుండ ఉన్నడు. ఏండ్ల తర్వాత ఇంటోళ్లు ఆయన ముఖం చూసింది ఆ వీడియోలనే. అక్టోబరులో కాల్పుల విరమణ కుదిరి ఖైదీల మార్పిడి జరిగింది. ఇజ్రాయెల్ మళ్ల ఆయన పేరు కొట్టేసింది.

ఒక మంత్రి ఖైదీ గదిలోకి పోయి బెదిరించవలసి వచ్చిందంటె ఆలోచించాలె. ఖైదీ చేతిలో తుపాకి లేదు, బలగం లేదు. ఆయన దగ్గర ఉన్నది జనం నమ్మకం ఒక్కటే. ఫతావాడు, హమాస్‌వాడు ఇద్దరు కూసుండి మాట్లాడగల మనిషి పాలస్తీనాలో ఇంకొకరు కనిపిస్తలేరు. ఆయన బయటికొస్తె మాట్లాడెటందుకు మనిషి లేడన్న సాకు పోతది. అదీ అసలు భయం.

ముగింపు

మిత్రులారా, మొదట ఒక ప్రశ్న వేసినం. రాజ్యం లేని ప్రజలకు శాసనసభ సీటుకు విలువ ఎంత? బర్ఘూతీ బతుకు చూసినంక మాకు తోచింది చెప్తం. ఆ సీటుతోని రాజ్యం రాదు. రోడ్డు మీద చెక్‌పోస్టు కూడ లేవదు. కానీ ఓటుతోని గెలిచినోడు అడిగినప్పుడు ఆ అడుగుడుకు బరువుంటది. సొంత నాయకున్ని అడగవచ్చు, పరాయి కోర్టును నిలదీయవచ్చు, జైలులో కూసుండి ఐదు సంస్థలను ఒక్క కాగితం మీదికి తేవచ్చు. తుపాకి పట్టినోడు శత్రువునే అడుగుతడు. ఎన్నికైనోడు తనోళ్లకు కూడ జవాబు చెప్పాలె. అందుకే ఆ ఐదు చావుల ప్రశ్నను కూడ మేము ఈ వేదిక మీద దాచుకోలేదు.

మన దేశం 1988 నవంబరులోనే పాలస్తీనా రాజ్యాన్ని గుర్తించింది. ఆ రాజ్యానికి ఎన్నికైన ప్రతినిధి ఇన్నేండ్లు జైలులో ఉంటె మన పార్లమెంటు సభ్యులు అడగాలె. మీ ఊరికి ఎంపీ వచ్చినప్పుడు మీరు అడగాలె. సభ నుంచి పోయేటప్పుడు బల్ల మీద పెట్టిన వినతి పత్రం మీద సంతకం పెట్టి పోండి. అందులో మూడే ముచ్చట్లు ఉన్నయ్. బర్ఘూతీని, సాదాత్‌ను, జైళ్లల్ల ఉన్న ఎన్నికైన ప్రతినిధులందరిని విడువాలె. ఖైదీలకు ములాఖత్, వైద్యం ఇయ్యాలె. పాలస్తీనీయులకు తమ సభను తాము ఎన్నుకునే హక్కు దక్కాలె.

కోబర్‌లో ఆ ఇల్లు ఇంకా ఎదురుచూస్తున్నది.